అత్తగారు వచ్చినప్పుడు ఏడవకూడదు

మొన్న అమలాపురం బస్టాండులో కూర్చున్నాను. నా బస్సు ఎప్పటిలాగే ఆలస్యం. పక్క బల్ల మీద ఒక అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, చీర కొంగు కొస నాలికతో తడిచేసి కొడుకు మూతి తుడుస్తోంది. వాడికి నాలుగేళ్ళుంటాయి. తలకి కొబ్బరినూనె కారేటట్టు రాసి, మొహానికి గోడకి సున్నం వేసినట్టు పౌడరు వేసింది. "అక్కడ మంచిగా ఉండాలి, తెలిసిందా? ఏడిస్తే వాళ్ళేమనుకుంటారు?" అంటోంది. వాడు బుద్ధిగా తలూపాడు.

ఆ నూనె, పౌడరు కలిసిన వాసన నా దాకా వచ్చింది. వాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో నాకు తెలీదు. ఏ మేనమామ ఇంట్లో పెళ్ళికో వెళ్తూ ఉండొచ్చు. కానీ వాడు తలూపిన తీరు చూస్తే నాకు భయం వేసింది. వాళ్ళ బస్సు వచ్చి లేచేటప్పుడు ఆగలేక, "ఏడుపొస్తే ఏడువు నాన్నా, ఏం పర్లేదు" అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి పిల్లాణ్ణి అటువైపు చంకలోకి మార్చుకుంది. చూడదూ మరి. దారినపోయే ఆడమనిషి పిల్లాణ్ణి ఏడవమని చెప్తే ఎవరు ఊరుకుంటారు?

ఆ అమ్మాయికి చెప్పుకోలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నా చిన్నప్పుడు మా కోనసీమలో పెద్ద గాలివాన వచ్చింది. దాని గురించి ఎవర్నడిగినా చెప్తారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా మట్టుకు జరిగింది ఇంతే. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు, అంటే చెట్లెక్కి కాయలు కోసి దించడమే ఆయన పని. తెల్లారి చూస్తే ఎక్కడానికి చెట్లు లేవు. తోటలకి తోటలు ఒకే వైపుకి తలలు పెట్టి పడుకున్నాయి. చెట్లెక్కడం తప్ప ఇంకో పని రాని మనిషి పొద్దున్నే అలవాటుగా లేచి, కాళ్ళకి కట్టుకునే తాడు భుజాన వేసుకుని, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చేవాడు. ఇంటికొచ్చి ఎవరి మొహమూ చూసేవాడు కాదు.

మా ఇంటి కప్పు కూడా ఆ రోజే ఎగిరిపోయింది. దాని బదులు ఎవరో పంచిపెట్టిన నీలం బరకం కట్టుకున్నాం. గాలి వీస్తే అది టపటపా కొట్టుకునేది. ఆ చప్పుడు వినపడితే చాలు, మా తమ్ముడు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి అమ్మ కొంగు పట్టుకునేవాడు. గాలివాన పోయినా వాడి లోపల అది పోలేదు. వాడికప్పుడు నాలుగేళ్ళు. నిద్రపోవాలన్నా కొంగు చివర పిడికిట్లో ఉండాల్సిందే. అమ్మ లేవాల్సి వస్తే వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుకుని లేచేది. నెలల తరబడి ఊరంతా కుళ్ళిన కొబ్బరాకుల వాసన. అన్నం తింటున్నా ఆ వాసనే.

వేసవిలో అత్తగారు కువైట్ నుంచి సెలవు మీద వచ్చారు. నాన్నకి వరసకి అక్క అవుతుంది, వాళ్ళది రాజోలు వైపు. కువైట్‌లో ఒక పెద్దింట్లో వంట చేస్తుంది. ఆవిడ ఊళ్ళోకి వచ్చిన రెండో రోజే నాన్నమ్మ వెళ్ళి కబురు తెచ్చింది. ఆ ఇంటి మేడం చెల్లెలికి పిల్లల్ని చూసుకునే మనిషి కావాలట.

"పోయిన సారి ఈవిడ తీసుకెళ్ళిన మనిషి ఉంది కదా, రెండు నెలలకే పిల్లల మీద బెంగెట్టుకుని, అన్నం మానేసి తిరిగొచ్చేసిందంట. ఆ మేడం ఈవిణ్ణి నానా మాటలూ అందంట. అందుకని ఈసారి మనిషిని కాదు, ఇంటికొచ్చి పిల్లల్ని చూస్తానంటుంది. తల్లి లేపోయినా ఉండగలిగే పిల్లలైతేనే తీసుకెళ్తాదంట" అంది నాన్నమ్మ చెప్పులు విప్పకుండానే.

నాన్న తాడు కొస చేతికి చుట్టుకున్నాడు. అమ్మే అంది.

"వానలొచ్చేలోగా కప్పు పడాలండి. ఇంకో గాలొస్తే ఈ పిల్లల్ని ఎక్కడ దాస్తాం?"

ఆ మాటతో నాకు విషయం బోధపడింది. పరీక్ష అమ్మకి కాదు, మాకు. మేం బాగుంటే అమ్మ వెళ్ళిపోతుంది. బాగుండకపోతే ఇంకో గాలి వస్తుంది, పైన ఈ బరకమే ఉంటుంది. నాకు పదేళ్ళు. ఆ రెండిట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోయాను. తేల్చుకోమని నన్నెవరూ అడగలేదు కూడా.

మర్నాటి నుంచే రిహార్సల్స్ మొదలు. నాన్నమ్మ నులకమంచం మీద కాలు మీద కాలేసుకుని అత్తగారిలా కూర్చునేది. అమ్మ పక్కన నిలబడి మాకు జవాబులు అందించేది.

"ఏమ్మా, అమ్మ ఊరెళ్తే ఉంటావా?" అని నాన్నమ్మ గొంతు మార్చి అడిగేది.

"ఆయ్, ఉంటానండి."

"బెంగెట్టుకోవూ?"

"లేదండి. తమ్ముణ్ణి నేను చూసుకుంటానండి."

"మరి వంటో?"

"నాన్నమ్మగారికి సాయం చేస్తానండి."

నాన్నమ్మగారు అనేసరికి నాన్నమ్మకి నవ్వు ఆగేది కాదు. నోట్లో తమలపాకు అడ్డం పడి దగ్గేది. తర్వాత తమ్ముడి వంతు.

"బుల్లోడా, అమ్మ ఊరెళ్తే ఉంటావా?"

"ఉండను."

"అలా కాదురా. ఉంటానండి అనాలి."

వాడు కాసేపు ఆలోచించి, "ఉండనండి" అన్నాడు.

అందరం పడీ పడీ నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే పెరట్లోకి వెళ్ళింది, చాలాసేపటిదాకా రాలేదు. వారం రోజులు ఎన్నిసార్లు అడిగినా వాడిదే మాట. బెల్లం ముక్క పెట్టి అడిగినా అదే, కోప్పడినా అదే. అత్తగారు వచ్చే రోజు దగ్గర పడేకొద్దీ అమ్మ నన్ను పక్కకి పిలిచి, "వాణ్ణి నువ్వే చూసుకోవాలే. ఆవిడ ముందు నా కొంగు పట్టుకోకుండా చూడు" అంది. అంత పెద్ద పని నాకు అప్పగించడం అదే మొదటిసారి.

ముందు రోజు మధ్యాహ్నం వాణ్ణి తోటలోకి తీసుకెళ్ళి పడిపోయిన కొబ్బరి మొద్దు మీద కూర్చోబెట్టాను. అత్తగారు ఏ చుట్టాలింటికి వెళ్ళినా ఎర్ర పెట్టెతో వెళ్తోందని నాన్నమ్మ చెప్పగా విన్నాను. అది పనికొచ్చింది.

"అత్తగారి దగ్గర ఎర్ర పెట్టె ఉంటుంది తెలుసా? అమ్మ కోసం ఏడ్చే పిల్లలుంటే, వాళ్ళమ్మని ఆ పెట్టెలో పెట్టి తాళం వేసి తీసుకెళ్ళిపోతుంది."

వాడు నోరు తెరిచాడు.

"ఏడవకపోతే?"

"ఏడవకపోతే వదిలేస్తుంది. అమ్మ దగ్గరికి వెళ్ళకూడదు, కొంగు పట్టుకోకూడదు. అసలు అమ్మ వైపు చూడనే కూడదు. అడిగితే ఉంటానండి అనాలి."

"అంటే వదిలేస్తుందా?"

"వదిలేస్తుంది."

ఇంత అబద్ధం నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. జరగబోయేదానికి సరిగ్గా తలకిందులుగా చెప్పాను. వాడు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "ఆయ్, ఉంటానండి" అని తనంతట తనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. నాకు అప్పుడే భయం వేసింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది పనిచేసింది.

మర్నాడు పొద్దుటికల్లా మా ఇల్లు మా ఇల్లులా లేదు. మాస్టారింటి నుంచి రెండు కుర్చీలు, పక్కింటి నుంచి గాజు గ్లాసులు, ఇంకెవరి దగ్గరో పూల దుప్పటి తెచ్చాం. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, గాలికి మిగిలిన నాలుగు చెట్లలో ఒకటి ఎక్కి బొండాలు దించాడు. చాలా రోజుల తర్వాత ఆయన చెట్టెక్కడం చూశాను. అమ్మ పనసాకులు ఈనెలతో బుట్టల్లా కుట్టి, ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు వేసింది, కువైట్‌లో ఇవి దొరకవు కదా అని. ఆవిరికి పనసాకు మగ్గిన వాసన ఇల్లంతా నిండింది. మా ఇద్దరికీ నూనె రాసి పౌడరు వేసింది. కొంగు తడిచేసి మూతులు తుడిచింది. తుడిచేటప్పుడు తమ్ముడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, అమ్మని చూడకూడదు కదా.

అత్తగారు రిక్షా దిగారు. వెనకాలే ఎర్ర పెట్టె దిగింది. నేను కథ కట్టి చెప్పిన పెట్టె నిజంగానే మా వాకిట్లోకి వచ్చింది. తమ్ముడు నా చెయ్యి వదిలేసి చేతులు కట్టుకున్నాడు.

"రండి వదినగారు, కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందాండి?" అని అమ్మ నీళ్ళు అందించింది.

"ఆయ్, జరిగిందమ్మా. అబ్బా, పొట్టిక్కలా? ఎన్నాళ్ళయిందో తిని" అంటూ అత్తగారు కూర్చుంది. చెడ్డ మనిషేం కాదు. కడుపు నిండా తిన్నది, అమ్మ చేతి పచ్చడిని మెచ్చుకుంది, గాలివాన సంగతులు అడిగి నిట్టూర్చింది. ఆవిడ ఒంటి మీద అత్తరు వాసన పొట్టిక్కల వాసనతో కలిసిపోయింది. తినడం అయ్యాక పెట్టె దగ్గరికి లాక్కుని మూత తెరిచింది.

"ఇలా రా బుల్లోడా, చాక్లెట్లు తీసుకో."

వాడు వెళ్ళాడు. తెరిచిన పెట్టె పక్కన నిలబడి, లోపల ఎంత చోటుందో చూశాడు. అత్తగారు వాణ్ణి దగ్గరికి తీసుకుని, "అమ్మ నాతో ఊరొస్తే నువ్వుంటావా నాన్నా?" అని అడిగింది.

అదే సమయానికి గాలి వీచి పైన బరకం టపటపలాడింది. అమ్మ చెయ్యి దానంతటదే కొంచెం ముందుకొచ్చింది, వాడు వస్తాడని. వాడు మాత్రం కదల్లేదు. అమ్మ వైపు చూడలేదు. పెట్టె వైపే చూస్తూ అన్నాడు.

"ఆయ్, ఉంటానండి."

"ఏడవవూ?"

"లేదండి."

ఆ లేదండి అంటున్నప్పుడే వాడి నిక్కరు తడిసి కాళ్ళ వెంట కారడం చూశాను. ఇంకెవరూ చూడకముందే చేతిలో ఉన్న గాజు గ్లాసులో నీళ్ళు వాడి మీద ఒంపేశాను. "అయ్యో, చెయ్యి జారిందండి" అని గబగబా వాణ్ణి పెరట్లోకి లాక్కుపోయి, పొడి నిక్కరు తొడిగి తీసుకొచ్చాను. నేల నేనే తుడిచాను.

అత్తగారు నన్ను చూసి తలాడించింది.

"పిల్ల చురుకైంది. పిల్లాడి సంగతి చెప్పక్కర్లేదు, ఇంత బుద్ధిమంతుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. ఏమ్మా, నీకు బెంగేం ఉండదు, రా నాతో."

నాన్న వాకిట్లో బొండాం చెక్కుతున్నవాడు చెక్కడం ఆపాడు. నాన్నమ్మ దేవుడి పటం వైపు దణ్ణం పెట్టుకుంది. అమ్మ నవ్వి, "ఆయ్, అలాగేనండి" అంది. మేం నెగ్గాం. అంత భయం నా జన్మలో మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

కాగితాల పనులన్నీ అయ్యేసరికి నెల పట్టింది. తమ్ముడు ఆ నెలంతా హాయిగా ఉన్నాడు. అత్తగారు ఎర్ర పెట్టెతో వచ్చింది, అమ్మని తీసుకెళ్ళకుండానే వెళ్ళింది. వాడి లెక్కలో వాడు గెలిచాడు. వాడి సంతోషం చూస్తూ నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటూనే రోజులు గడిపేశాను.

బయల్దేరే రోజు సాయంత్రం అందరం అమలాపురం బస్టాండుకి వెళ్ళాం. అమ్మ మా ఇద్దరి మొహాలూ కొంగుతో తుడిచి, నాన్నమ్మ మాట వినమని చెప్పి, అత్తగారి వెనకాల బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. కూలీ ఎర్ర పెట్టెని బస్సు మీదికి ఎక్కిస్తుంటే తమ్ముడు దాన్నే చూస్తున్నాడు. నా చెయ్యి లాగి మెల్లిగా అడిగాడు.

"నేను ఏడవలేదు కదక్కా?"

"లేదు."

"మరి అమ్మని ఎందుకు తీసుకెళ్తున్నారు?"

నేను అబద్ధం చెప్పానురా అనాల్సింది. అంటే అక్కడే ఏడుస్తాడు, ఏడిస్తే అమ్మ దిగిపోతుంది, దిగిపోతే కప్పు పడదు. అవన్నీ ఒక్కసారే నా బుర్రలోకి వచ్చాయి. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "నిక్కరు తడుపుకున్నావుగా. అదీ ఏడ్చినట్టే" అన్నాను.

వాడు తన నిక్కరు వైపు చూసుకున్నాడు. "అవును" అన్నాడు. కిటికీలోంచి అమ్మ మా వైపే చూస్తోంది. బస్సు కదిలేదాకా వాడు చేతులు కట్టుకునే నిలబడ్డాడు. ఇంటికొచ్చాక నేను ఏడ్చి, అదంతా అబద్ధమని చెప్పాను. వాడు నమ్మలేదు.

వానల్లోగా కప్పు పడలేదు కానీ ఆ తర్వాతి వేసవికి పడింది. అమ్మకి ఉత్తరాల బదులు క్యాసెట్లు పంపేవాళ్ళం. నాన్నమ్మ టేపు రికార్డరు ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, "నవ్వుతా మాటాడండి, లేపోతే అమ్మ బెంగెట్టుకుంటాది" అనేది. నేను మార్కులు చెప్పేదాన్ని. తమ్ముడు ప్రతి క్యాసెట్‌లోనూ ఒకే మాట చెప్పేవాడు. "బాగున్నామండి. నేను ఏడవట్లేదండి."

మూడేళ్ళకి అమ్మ మొదటిసారి సెలవు మీద వచ్చింది. నాన్నమ్మ మాకు నూనె రాసి, పౌడరు వేసి వాకిట్లో నిలబెట్టింది, చుట్టాలొస్తే నిలబెట్టినట్టు. అమ్మ ఆటో దిగి చేతులు చాచింది. ఒంటి నిండా అత్తరు వాసన. తమ్ముడు రెండడుగులు ముందుకు వేసి, చేతులు జోడించి, "నమస్కారమండి. బాగున్నారాండి?" అన్నాడు.

ఆటో అబ్బాయి సామాను దించుతూ, "ఎంత మర్యాదండి మీవోడికి" అని మెచ్చుకున్నాడు. అందరూ నవ్వారు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, "నేనురా బుల్లోడా, అమ్మని" అంది.

"ఆయ్, తెలుసండి" అన్నాడు వాడు.

ఆ తర్వాత ఆవిడ ఇంకా రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ వాడు ఏడవలేదు. చివరికి పూర్తిగా వచ్చేసి ఇక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆ పెట్టె సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. పోయినేడు ఒక మధ్యాహ్నం ఇద్దరం పొట్టిక్కల కోసం ఆకులు కుడుతూ కూర్చున్నప్పుడు చెప్పేశాను. మొత్తం చెప్పాను, ఆ రోజు బస్టాండులో వాడితో అన్న మాటతో సహా.

అమ్మ ఈనె విరిచి ఆకులో గుచ్చుతూనే ఉంది.

"పెట్టె సంగతి తెలీదు గానీ, వాడు బెదిరిపోయాడని తెలుసే."

"ఎలా తెలుసు?"

"నువ్వు నీళ్ళు ఒంపేవు కదా. ఆ నిక్కరు ఉతికింది నేనే."

నాకు ఒక్కసారి కోపం వచ్చింది. "తెలిసీ వెళ్ళావా?" అన్నాను.

అమ్మ తల ఎత్తి స్లాబు వైపు చూసింది. మళ్ళీ ఆకు తీసుకుంది.

"వాడు ఒక్కసారి నా వైపు చూస్తే మానేద్దును. చూళ్ళేదు" అంది.

తమ్ముడు ఇప్పుడు ముమ్మిడివరంలో ఉంటున్నాడు, రొయ్యల చెరువుల దగ్గర ఉద్యోగం. ప్రతి ఆదివారం పళ్ళు పట్టుకుని అమ్మని చూడ్డానికి వస్తాడు. చెప్పులు గుమ్మం బయటే విప్పి, కుర్చీ చివర కూర్చుని, "ఒంట్లో ఎలా ఉందండి? మందులు వేసుకుంటున్నారాండి?" అని అడుగుతాడు. అమ్మ "బానే ఉందిరా, ఇలా దగ్గరికొచ్చి కూర్చో" అంటుంది. "పర్లేదండి, ఇక్కడ బానే ఉంది" అంటాడు. మా వీధిలో పిల్లలకి బుద్ధి చెప్పాల్సి వస్తే అందరూ వాణ్ణే చూపిస్తారు, కన్నతల్లిని కూడా మీరు అనే పిలుస్తాడు, పెంపకమంటే అలా ఉండాలి అని.